కృతజ్ఞతగా వాయించిన పదేళ్లు

పెళ్లి బరాత్ ముందు నడిచే బ్యాండు మేళంలో, పసుపుపచ్చగా మెరుస్తూ కొస వంపు తిరిగి పైకి లేచిన ఒక గొట్టం వాయిద్యాన్ని మనమంతా చూసే ఉంటాం. దాని పేరు శాక్సఫోన్. మన వీధుల్లో అది సినిమా పాటలు పలుకుతుంది. సముద్రాల అవతల అమెరికాలో ఒక నల్లజాతి కళాకారుడు అదే వాయిద్యంతో తన జీవితంలోని పతనాన్ని, పశ్చాత్తాపాన్ని, తనను నిలబెట్టిన దైవం పట్ల కృతజ్ఞతను రికార్డులకు ఎక్కించారు. ఆయన పేరు జాన్ కోల్‌ట్రేన్. జాజ్ అనే సంగీతంలో తప్పక వినవలసిన, కొని ఇంట్లో దాచుకోదగిన ఆల్బంలు ఏవని ఎవరిని అడిగినా, ఆయన పేరు లేకుండా ఆ జాబితా పూర్తికాదు.

కోల్‌ట్రేన్ ముస్లిం కారు. క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. ఏ ఒక్క మతంలోనూ ఇమడకుండా అన్ని ధర్మాల గ్రంథాలనూ చదివారు. కాని ఆయన జీవితం మలుపు తిరిగిన చోట పక్కన నిలబడింది ఒక ముస్లిం ఇల్లాలు. ఆయన బృందంలో ఇస్లాం స్వీకరించిన కళాకారులున్నారు. సంగీతం విషయంలో మన ఉలమాల మధ్య భేదాభిప్రాయాలున్న సంగతి పాఠకులకు తెలిసిందే. ఆ చర్చ జోలికి మేము వెళ్లడం లేదు. వినేవారికీ, వినని వారికీ కూడా ఈ జీవితంలో తీసుకోదగినది ఉన్నదన్న నమ్మకంతోనే దీన్ని మీ ముందుంచుతున్నాం.

బాల్యం

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో హామ్లెట్ అనే చిన్న ఊరిలో 1926 సెప్టెంబరు 23న జాన్ జన్మించారు. కొద్దికాలానికే కుటుంబం అదే రాష్ట్రంలోని హై పాయింట్ పట్టణానికి మారింది. తల్లి తండ్రి పాస్టర్. ఇల్లంతా ప్రార్థనలు, ప్రసంగాలు. తండ్రి దర్జీ. బట్టలు కుట్టి సంపాదించినా, తీరిక వేళల్లో ఒకటి రెండు వాయిద్యాలు వాయించేవాడు. తెల్లవారికి ఒక బడి, నల్లవారికి మరో బడి ఉన్న కాలం అది.

జాన్‌కు పన్నెండో ఏడు నడుస్తుండగా ఆ ఇంటిమీద పిడుగులు పడ్డాయి. 1938 చివర, 1939 మొదట్లో కొద్ది నెలల వ్యవధిలోనే తాతగారు పోయారు, తండ్రి పోయారు, మరికొందరు దగ్గరివారూ పోయారు. సంపాదించే మగదిక్కు లేక తల్లి పరుల ఇళ్లలో పనికి కుదిరింది. ఆ దుఃఖంలోనే జాన్ చేతికి వాయిద్యం వచ్చింది. మొదట ఊరి బ్యాండులో ఆల్టో హార్న్, క్లారినెట్. ఆ తరువాత శాక్సఫోన్. నలుగురిలో మాట్లాడటానికి బిడియపడే ఆ పిల్లవాడు గంటల తరబడి గదిలో కూర్చుని సాధన చేసేవాడు. మన ఉస్తాదులు రియాజ్ అనే దాన్ని ఆయన పన్నెండో ఏట మొదలుపెట్టి చనిపోయేదాకా మానలేదు.

1943లో చదువు ముగించుకుని బతుకుతెరువు కోసం ఫిలడెల్ఫియా నగరం చేరారు. చక్కెర కర్మాగారంలో కూలి చేస్తూ సంగీత పాఠశాలలో చేరారు. 1945 ఆగస్టు 6న, హిరోషిమా మీద అణుబాంబు పడిన రోజునే, నౌకాదళంలో చేరారు. హవాయి దీవుల్లో దళం బ్యాండులో వాయించి మరుసటి ఏడు ఇంటికి తిరిగివచ్చారు.

ఊబి

ఆ తరంలో జాజ్ వాయించే యువకులందరికీ ఆరాధ్యుడు చార్లీ పార్కర్. ఆయన శాక్సఫోన్ మీద చూపిన వేగం, ఊహ అంతకు ముందు ఎవరూ వినలేదు. 1945లో ఫిలడెల్ఫియాలో ఆయన కచేరీ విన్న నాటి నుంచి జాన్ మనసు మనసులో లేదు. కాని పార్కర్ హెరాయిన్‌కు బానిస. ఆయనలా వాయించాలంటే ఆయనలా మత్తు తీసుకోవాలేమోనన్న భ్రమ ఎందరో యువకులను కాటేసింది. పార్కర్ 1955లో 34 ఏళ్లకే రాలిపోయారు. అయినా అప్పటికే ఆ దారి పట్టినవారు వెనక్కు రాలేకపోయారు. వారిలో జాన్ ఒకరు. హెరాయిన్‌కు తోడు తాగుడు.

చేతిలో విద్య ఉన్నా బతుకు నిలకడగా లేదు. డిజ్జీ గిలెస్పీ బృందంలో చేరారు, బయటికి వచ్చారు. జానీ హాడ్జెస్ బృందంలో చేరారు. మత్తు అలవాటు కారణంగా 1954లో అక్కడినుంచి పంపేశారు. 1955లో ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ తన కొత్త బృందానికి పిలిచారు. అదే ఏడాది అక్టోబరులో ఆయన వివాహం జరిగింది. వధువు ఇస్లాం స్వీకరించిన యువతి. జువానిటా అనే పాత పేరు విడిచి నయీమా అయ్యారు. అప్పటికే ఆమెకు సయీదా అనే కూతురుంది. జాన్ ఆ పాపను తన కూతురిగా చేసుకున్నారు.

1940, 50లలో ఫిలడెల్ఫియా, న్యూయార్క్ నగరాల జాజ్ కళాకారుల్లో ఇస్లాం వైపు వచ్చినవారు తక్కువేమీ కాదు. డ్రమ్ విద్వాంసుడు ఆర్ట్ బ్లేకీ అబ్దుల్లా ఇబ్న్ బుహైనా అయ్యారు. శాక్సఫోన్, ఫ్లూట్ వాయించే విలియం హడల్‌స్టన్ యూసుఫ్ లతీఫ్ అయ్యారు. పియానో కళాకారుడు అహ్మద్ జమాల్ పేరు జాజ్ లోకంలో అందరికీ తెలుసు. పుట్టుకతో వచ్చిన చర్మం రంగు కారణంగా అడుగడుగునా అవమానం ఎదురయ్యే చోట, అందరూ ఒకే వరుసలో నిలబడి నమాజు చేసే ధర్మం వారిని ఆకర్షించడంలో వింత లేదు. నయీమా ఆ వాతావరణం నుంచి వచ్చినవారే.

మైల్స్ డేవిస్‌తో కలిసి జాన్ 1956లో వాయించిన రికార్డులు ఈనాటికీ అమ్ముడవుతున్నాయి. కాని కచేరీ వేదిక మీద ఆయన పరిస్థితి వేరు. నలిగిన బట్టలతో, ఆలస్యంగా, ఒక్కోసారి నిలబడే కునికిపాట్లు పడుతూ కనిపించేవారు. అంతకు కొన్నేళ్ల ముందు తానూ హెరాయిన్ ఊబి నుంచి బయటపడిన మైల్స్‌కు ఆ తీరు చూసి ఓపిక నశించింది. 1957 ఏప్రిల్‌లో జాన్‌ను బృందం నుంచి తీసేశారు. అప్పటికి ఆయన వయసు ముప్పై. దేశంలోకెల్లా పేరున్న బృందంలో చోటు పోయింది. ఇక మిగిలింది ఫిలడెల్ఫియాలోని తల్లి ఇల్లు.

తలుపు మూసుకున్న గది

ఆ ఇల్లు ఉత్తర 33వ వీధిలో ఉంది. జాన్ 1952లో కొన్న మూడంతస్తుల ఇటుకల ఇల్లు. ఆ వసంతంలో ఆయన ఒక గదిలోకి వెళ్లి తలుపు మూసుకున్నారు. మత్తు మానేస్తానని తల్లికి, భార్యకు చెప్పారు. ఆసుపత్రి లేదు, మందు లేదు. మంచినీళ్లు తప్ప మరేమీ తీసుకోలేదు. హెరాయిన్‌ను ఒక్కసారిగా ఆపితే శరీరం పడే యాతన మాటలకు అందదు. ఎముకలు విరిచినట్టు నొప్పులు, వాంతులు, చలి, నిద్ర లేని రాత్రులు. తలుపు ఇవతల నయీమా, తల్లి కాచుకుని ఉన్నారు. అడిగినప్పుడు నీళ్లు అందించారు. కొద్ది రోజులకు ఆయన బయటికి వచ్చారు. హెరాయిన్, తాగుడు రెండూ విడిచిపెట్టారు.

ఆ గదిలో ఏం జరిగిందో ఆయన తరువాత ఒక లేఖలో రాసుకున్నారు. దైవానుగ్రహంతో తనకు ఆ ఏడాది ఆత్మ మేలుకొన్నదని, తన సంగీతం ద్వారా ఇతరులకు సంతోషం పంచే శక్తినిమ్మని అప్పుడు వినయంగా వేడుకున్నానని అందులోని సారాంశం. మన భాషలో దీన్ని తౌబా అంటాం. తౌబాకు పెదవుల మీది మాట చాలదు. ఆ తరువాతి నడవడి దానికి సాక్ష్యం చెప్పాలి. జాన్ విషయంలో ఆ సాక్ష్యం ఆల్బంల రూపంలో ఉంది. ఆయన పేరు నిలబెట్టిన రికార్డులన్నీ ఆ గది నుంచి బయటికి వచ్చిన తరువాతి పదేళ్లలో తయారైనవే. మత్తులో ప్రతిభ పుడుతుందనుకునేవారికి ఇంతకు మించిన జవాబు అక్కర్లేదు.

మంక్ శిష్యరికం, 'బ్లూ ట్రైన్'

మొదట చేరదీసినవారు థెలోనియస్ మంక్. పియానో విద్వాంసుడు, విచిత్రమైన స్వరకర్త. 1957 వేసవి నుంచి కొన్ని నెలలపాటు న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ అనే చిన్న క్లబ్బులో జాన్ ఆయన బృందంలో వాయించారు. ఉస్తాద్ ముందు షాగిర్ద్ లాగా ఆయన ఇంటికి వెళ్లి, పియానో పక్కన కూర్చుని, అర్థంకాని చోటల్లా అడిగి నేర్చుకున్నారు. ఆ బృందం 1957 నవంబరు 29న కార్నెగీ హాల్‌లో ఇచ్చిన కచేరీ టేపు ఎవరి కంటా పడకుండా ఉండిపోయి, 2005లో అమెరికా జాతీయ గ్రంథాలయంలో దొరికింది. అదే ఏడాది ఆల్బంగా విడుదలైంది. అందులో బేస్ వాయించినది అహ్మద్ అబ్దుల్ మాలిక్. మత్తు వదిలిన మనిషి ఊపిరి ఎంత నిండుగా ఉంటుందో ఈ రికార్డులో స్పష్టంగా వినవచ్చు.

అదే ఏడాది సెప్టెంబరు 15న 'బ్లూ ట్రైన్' రికార్డు చేశారు. బ్లూ నోట్ కంపెనీ విడుదల చేసింది. రికార్డు చేసినవారు రూడీ వాన్ గెల్డర్. పగలు కంటి అద్దాల పరీక్షలు చేసే నిపుణుడు. మిగతా వేళల్లో న్యూజెర్సీలోని తల్లిదండ్రుల ఇంటి ముందు గదిలో రికార్డింగులు చేసేవాడు. అయిదు రచనల్లో నాలుగు జాన్ స్వయంగా కట్టినవి. ట్రంపెట్ వాయించిన లీ మోర్గన్‌కు అప్పటికి 19 ఏళ్లే. జాజ్ ఎన్నడూ వినని ఇంట్లోకి మొదట తేవలసిన రికార్డు ఇదేనని మా అభిప్రాయం. మొదటి వరస వినగానే నోట్లో మెదులుతుంది. తాళం కాలికి దొరుకుతుంది. వాయిద్యాలు ఒకదాని తరువాత ఒకటి వంతుల ప్రకారం మాట్లాడతాయి గనుక ఏది ట్రంపెట్, ఏది శాక్సఫోన్, ఏది ట్రాంబోన్ అన్నది చెవికి సులభంగా తెలుస్తుంది.

1959: ఒకే ఏడు, రెండు ఆల్బంలు

జాన్ మారిన సంగతి మైల్స్ చెవినపడింది. 1958లో మళ్లీ పిలిచారు. 1959 మార్చి, ఏప్రిల్ నెలల్లో రెండే రోజుల్లో రికార్డు చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆ కలయిక ఫలం. జాజ్‌లో అంతవరకు స్వరాల కూర్పులు క్షణక్షణానికీ మారేవి. ఈ ఆల్బంలో ఒకే స్వరశ్రేణిని పట్టుకుని చాలాసేపు అందులోనే విహరించే పద్ధతి తెచ్చారు. రాగాలాపన తెలిసిన మన చెవికి ఇది పరాయిగా అనిపించదు. అమెరికా ఒక్కదానిలోనే 50 లక్షల ప్రతుల గుర్తింపు పొందిన ఈ ఆల్బం జాజ్ ఇష్టపడే ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. పేరు మైల్స్‌ది. అయినా జాన్ వంతు వచ్చినప్పుడు గాలి ఒత్తిడి మారినట్టు తెలిసిపోతుంది.

అదే ఏడాది మేలో జాన్ సొంత ఆల్బం 'జెయింట్ స్టెప్స్' మొదలైంది. 1960లో విడుదలైంది. దీని తీరు పూర్తిగా వేరు. పేరుకు కారణమైన మొదటి రచనలో స్వరాల కూర్పులు ఎంత వేగంగా మారతాయంటే, పక్కన పియానో వాయించిన టామీ ఫ్లానగన్ వంటి నిపుణుడు కూడా తన వంతు వచ్చినప్పుడు తడబడ్డారు. శాక్సఫోన్ నేర్చుకునేవారికి అది ఈనాటికీ కఠిన పరీక్షే.

ఆ కాఠిన్యం చూసి భయపడనక్కర్లేదు. ఆ ఆల్బంలోని ఏడు రచనలూ జాన్‌వే. అందులో కొన్ని తనవారి పేర్లతో ఉన్నాయి. ఒకటి బంధువు మేరీ పేరిట, ఒకటి సయీదా పేరిట, ఒకటి స్నేహితుడు పాల్ చాంబర్స్ పేరిట. ఇక 'నయీమా'. ఈ పేరుకు అరబీలో సుఖం, ప్రశాంతత అన్న అర్థాలున్నాయి. ఆ రచన అంతా అదే. కింద బేస్ ఒకే స్వరాన్ని పట్టుకుని ఉంటే, పైన శాక్సఫోన్ నెమ్మదిగా, ఒక్క అనవసర స్వరం లేకుండా నడుస్తుంది. తలుపు ఇవతల కూర్చుని నీళ్లందించిన భార్యకు ఒక భర్త చెప్పుకున్న ధన్యవాదంగా మేము దాన్ని వింటాం. ఆ దాంపత్యం చివరిదాకా నిలవలేదు. 1963లో విడిపోయారు. ఆ సంగతి దాచడం మాకిష్టం లేదు. కాని జాన్ ఆ రచనను మాత్రం చివరి రోజుల దాకా కచేరీల్లో వాయిస్తూనే వచ్చారు.

నలుగురి బృందం

1960లో జాన్ సొంత బృందం కట్టారు. పియానో మీద మెకాయ్ టైనర్. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో ఇస్లాం స్వీకరించి సులైమాన్ సవూద్ అన్న పేరు తీసుకున్న ఫిలడెల్ఫియా యువకుడు. 2020లో కన్నుమూశారు. డ్రమ్స్ మీద ఎల్విన్ జోన్స్. కొంతకాలానికి బేస్ మీద జిమ్మీ గారిసన్. ఈ నలుగురిని మించిన జాజ్ బృందం లేదని చాలామంది అంటారు.

1960 అక్టోబరులో రికార్డయి మరుసటి ఏడాది విడుదలైన 'మై ఫేవరిట్ థింగ్స్' వారికి జనంలో పేరు తెచ్చింది. అది 1959లో వచ్చిన ఒక సంగీత నాటకంలోని పిల్లల పాట వంటి పాట. జాన్ దాన్ని పదమూడు నిమిషాలకు పైగా విస్తరించారు. ఇందులో ఆయన వాయించినది నిటారుగా ఉండే సొప్రానో శాక్సఫోన్. దాని ధ్వని వింటే మన షెహనాయి గుర్తుకు రాక మానదు. రెండు పలుకుల మీదే నిలబడి, తిప్పి తిప్పి, పొర వెనుక పొరగా పెంచుకుపోయే ఆ తీరు ఖవ్వాలీ విన్న కుటుంబాలకు కొత్తగా ఉండదు.

ఆ పోలిక యాదృచ్ఛికం కాదు. జాన్ హిందూస్తానీ సంగీతాన్ని శ్రద్ధగా విన్నారు. 1961 నవంబరులో న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో రికార్డు చేసిన 'ఇండియా' అనే రచనలో ఇద్దరు బేస్ విద్వాంసులు మన తంబూరా శ్రుతి లాగా కింద నిలబడతారు. అది 'ఇంప్రెషన్స్' అనే ఆల్బంలో ఉంది. సితార్ విద్వాంసుడు రవిశంకర్‌ను కలిసి ఆయన దగ్గర నేర్చుకోవాలని ఆశపడ్డారు. 1965లో పుట్టిన కుమారుడికి రవి అని పేరు పెట్టుకున్నారు. రవి కోల్‌ట్రేన్ కూడా పేరున్న శాక్సఫోన్ కళాకారుడయ్యారు.

ఇంతలో విమర్శలు మొదలయ్యాయి. అరగంట, ముప్పావుగంట సాగే ఆ వాదన జాజ్‌కే విరుద్ధమని 1961లో ఒక ప్రముఖ పత్రికలో రాశారు. జాన్ ఎవరి మీదా నోరు పారేసుకోలేదు. 1963లో విడుదలైన 'బాలడ్స్' ఆల్బం వింటే జవాబు దానిలోనే ఉందనిపిస్తుంది. ఎనిమిది ప్రేమగీతాలు. ఆడంబరం లేదు. పాటలోని వరసను చెక్కు చెదరకుండా పలికించారు. ఇల్లంతా సద్దుమణిగాక రాత్రి వేళ తక్కువ ధ్వనితో వినడానికి ఇంతకన్నా మంచిది దొరకదు. అదే ఏడాది గాయకుడు జానీ హార్ట్‌మన్‌తో చేసిన ఆల్బం కూడా ఆ కోవలోదే. పాట ఉంటేనే మనసు నిలుస్తుందనే వారు దానితో మొదలుపెట్టవచ్చు.

నలుగురు చిన్నారుల కోసం

1963 సెప్టెంబరు 15, ఆదివారం. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ నగరంలో నల్లవారి చర్చిలో తెల్లజాతి దురహంకారులు బాంబు పెట్టారు. ప్రార్థనకు సిద్ధమవుతున్న నలుగురు బాలికలు చనిపోయారు. వారి వయసు పదకొండు, పద్నాలుగేళ్లు. రెండు నెలల తరువాత జాన్ 'అలబామా' అనే రచన రికార్డు చేశారు. అందులో మాటల్లేవు. నినాదం లేదు. శాక్సఫోన్ ఒక పాస్టర్ సంతాప ప్రసంగం చేస్తున్నట్టు నెమ్మదిగా ఎత్తుకుంటుంది. తాతగారి ప్రసంగాలు విని పెరిగిన మనిషికి ఆ స్వరస్థాయి ఎక్కడినుంచి వచ్చిందో మనం ఊహించుకోవచ్చు. ఆరాధనాలయంలో ఉన్నవారి మీద దాడి జరిగితే ఆ బాధ ఏ సమాజానిదైనా ఒకటే. ఈ రచన 1964లో వచ్చిన 'లైవ్ ఎట్ బర్డ్‌లాండ్' ఆల్బంలో ఉంది. ఈ ఒక్క రచన కోసమైనా అది ఇంట్లో ఉండదగిన రికార్డు.

'ఎ లవ్ సుప్రీమ్'

1964 వేసవి చివర. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లోని డిక్స్ హిల్స్ ఇంట్లో జాన్ మేడ మీది గదిలోకి వెళ్లి దాదాపు అయిదు రోజులు కిందికి రాలేదు. అప్పటికి ఆయన సహచరి పియానో, హార్ప్ విద్వాంసురాలు ఆలిస్. ఆ మరుసటి ఏడాది వారి వివాహం జరిగింది. ఏడేళ్ల కిందటి గదిలో మాదిరిగానే ఇక్కడా ఆయన లోకానికి తలుపు మూశారు. ఈసారి బయటికి వచ్చేసరికి ఒక పూర్తి రచన చేతిలో ఉంది.

1964 డిసెంబరు 9 సాయంత్రం వాన్ గెల్డర్ కొత్త స్టూడియోలో ఆ నలుగురూ కూడి ఒక్క పూటలో దాన్ని రికార్డు చేశారు. 1965 మొదట్లో ఇంపల్స్ కంపెనీ విడుదల చేసింది. నిడివి 33 నిమిషాలు. నాలుగు భాగాలు: అంగీకారం, సంకల్పం, సాధన, స్తుతి. ఈ వరసను గమనించండి. దైవం ఉన్నాడని ఒప్పుకోవడం, దారి మార్చుకోవాలని నిశ్చయించుకోవడం, ఆ దారిలో శ్రమించడం, చివరికి షుక్ర్ చెప్పుకోవడం. ఏ ధర్మంలో పుట్టినా మారదలచుకున్న మనిషి ఎక్కవలసిన మెట్లు ఇవే కదా!

మొదటి భాగంలో బేస్ నాలుగు స్వరాల చిన్న పలుకు ఎత్తుకుంటుంది. జాన్ దాన్ని అందుకుని సంగీతంలో ఉన్న పన్నెండు శ్రుతుల్లోకీ ఒక్కొక్కదానిలోకీ తీసుకుపోతారు. ఎటు తిరిగినా అదే ప్రేమ ఉందని చెప్పినట్టు ఉంటుంది. చివరకు వాయిద్యం దించి, తన గొంతుతో అదే పలుకును జపంలా మళ్లీ మళ్లీ అంటారు. రెండో భాగం దృఢంగా నడుస్తుంది. మూడోది పరుగు. ఎల్విన్ జోన్స్ డ్రమ్స్, టైనర్ పియానో అక్కడ ఉప్పొంగుతాయి.

నాలుగో భాగం రహస్యం ఆల్బం అట్ట మీద ఉంది. జాన్ అక్కడ శ్రోతకు ఒక లేఖ, దైవాన్ని స్తుతిస్తూ ఒక కవిత అచ్చువేయించారు. నాలుగో భాగంలో ఆయన వాయించినది ఆ కవితనే. ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క స్వరం. నోటితో పలకలేదు, శాక్సఫోన్‌తో చదివారు. అట్ట చేతిలో పట్టుకుని వేలు పెట్టి చదువుతూ వింటే మాట, స్వరం కలిసి నడవడం తెలుస్తుంది. అందుకే ఈ ఆల్బంను ఎవరి దగ్గరో అరువు తెచ్చుకుని వినడం కన్నా, అట్టతో సహా కొని దగ్గర ఉంచుకోవాలని మేము చెబుతాం.

ఆ లేఖలో మమ్మల్ని ఎక్కువగా కదిలించినది మరొకటుంది. 1957లో మాట ఇచ్చిన తరువాత కూడా ఒక దశలో తన మనసు తడబడిందని, ఇచ్చిన మాటకు విరుద్ధంగా, దారి తప్పి నడిచానని ఆయన దాచకుండా రాసుకున్నారు. అప్పటికి ఆయన కీర్తి శిఖరం మీద ఉన్నారు. ఆ ఒప్పుకోలు లేకపోయినా ఎవరూ అడిగేవారు కారు. పడి లేచినవాడు మళ్లీ తడబడవచ్చునని, మళ్లీ లేవవచ్చునని ఆయన లోకానికి తెలియజేశారు. 1970 నాటికి ఈ ఆల్బం సుమారు 5 లక్షల ప్రతులు అమ్ముడైంది. జాజ్ రికార్డుకు అది అసాధారణం.

చివరి రోజులు

ఆ తరువాత జాన్ మరింత లోతుకు, మరింత కఠినమైన మార్గానికి వెళ్లారు. తాళం, వరస వంటి ఆధారాలను కూడా విడిచిపెట్టారు. 1965లో రికార్డు చేసిన 'అసెన్షన్'లో పదకొండు మంది కలిసి అరుపులు, మూలుగుల వంటి ధ్వనులు చేస్తారు. టైనర్, జోన్స్ ఆ దారిలో వెంట నడవలేక బయటికి వెళ్లారు. ఈ దశను కొందరు పరాకాష్ఠ అంటారు, కొందరు పక్కదారి అంటారు. మేము మాత్రం, కొత్తవారు ఇక్కడ మొదలుపెట్టవద్దనే చెబుతాం. మిగిలినవి విని ఆ మనిషి మీద నమ్మకం కుదిరాక ఇటు రావచ్చు.

1966 జూలైలో జపాన్ పర్యటించారు. అణుబాంబుకు బలైన నాగసాకిలో దిగగానే స్మారక స్థలానికి వెళ్లి మృతుల కోసం మౌనంగా ప్రార్థించారు. ఒక ఏడాది తిరగకముందే కాలేయ క్యాన్సర్ ఆయనను పడగొట్టింది. 1967 జూలై 17న లాంగ్ ఐలండ్‌లోని హంటింగ్టన్ ఆసుపత్రిలో కన్నుమూశారు. నలభయ్యో ఏడు. ఫిలడెల్ఫియా గదిలో మాట ఇచ్చి అప్పటికి పదేళ్లే. 2007లో పులిట్జర్ సంస్థ మరణానంతరం ఆయనకు ప్రత్యేక గౌరవం ప్రకటించింది. 33వ వీధిలోని ఇల్లు 1999లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తింపు పొందింది.

ఏది ముందు, ఏది తరువాత

ఎల్‌పీ రికార్డు కొనే స్తోమత ఉన్నా, సీడీ కొన్నా, ఫోన్‌లో విన్నా వరస ఒకటే పెట్టుకోండి. మొదట 'బ్లూ ట్రైన్', దానికి తోడు 'బాలడ్స్'. అవి అలవాటయ్యాక 'కైండ్ ఆఫ్ బ్లూ', 'మై ఫేవరిట్ థింగ్స్'. ఆ పైన 'జెయింట్ స్టెప్స్'. ఇందులో 'నయీమా' ముందు వినండి. తరువాత 'లైవ్ ఎట్ బర్డ్‌లాండ్'లోని 'అలబామా'. చివరికి 'ఎ లవ్ సుప్రీమ్'. ఒక్కటే కొనగలిగితే ఈ చివరిదే కొనండి. పని చేసుకుంటూ వినేది కాదిది. అరగంట తీరిక చేసుకుని కూర్చోండి. మొదటిసారి అర్థం కాకపోతే బేస్ ఒక్కదాన్నే వెంబడించండి. రెండోసారి డ్రమ్స్‌ను. మూడోసారికి శాక్సఫోన్ తానే దగ్గరికి వస్తుంది.

రికార్డులు వినని కుటుంబాలకు కూడా ఒక మాట మిగిలి ఉంది. మత్తుకు బానిసైన కొడుకు ఇంట్లో ఉంటే పరువు పోతుందని గెంటివేసే తల్లిదండ్రులు మన బస్తీల్లోనూ ఉన్నారు. 1957లో కొలువు పోయి, పరువు పోయి ఇల్లు చేరిన ముప్పై ఏళ్ల మనిషికి ఒక తల్లి గది ఇచ్చింది, ఒక భార్య గ్లాసుతో నీళ్లిచ్చింది. నేడు లోకం పదిలంగా దాచుకుంటున్న రికార్డులన్నీ ఆ గది నుంచి, ఆ నీళ్ల గ్లాసు నుంచి వచ్చినవే. హిదాయత్ ఇవ్వడం దైవం చేతిలో ఉంది. తలుపు తెరిచి ఉంచడం మాత్రం మన చేతిలో ఉంది.